కుళ్లాయి పెట్టిన బావ

మా బావ తలకాయ చుట్టుకొలత 24.5 అంగుళాలని నా టేపు చెప్పింది. "మరి ముప్పై ఏళ్ల పద్యాలన్నీ అందులోనే ఉండాయి కదమ్మా" అని బావ మురిసిపోయాడు. పెద్దల్లుడిది 24. మావారిది ఎంతో ఇప్పటికీ తెలీదు. టేపు పట్టుకుని వెనకాల నిలబడితే చాలు, మెడ తడుముకుని లేచిపోతారు. పాతికేళ్ల కాపురం తర్వాత ఆ మాత్రం అనుమానం సహజమే.

ఇంతమంది తలలు కొలిచే పని నాకెందుకొచ్చిందంటే, అక్క కూతురి పెళ్లి. పెళ్లంటే ఇదివరకు ముహూర్తం, భోజనాలు, అలిగే మేనమామ ఒకడు. ఇప్పుడు వీటికి తోడు థీమ్ ఒకటి కావాలి. "సంగీత్‌కి ఏం థీమే?" అంటే "విజయనగరం, పిన్నీ" అంది పిల్ల. "అంత దూరం ఎందుకే? అక్కడ మనకెవరున్నారు?" అన్నాను. మేమంతా అనంతపురంలో ఉంటాం మరి. అరవైమందిని రైలెక్కించి ఆ చివరికి తీసుకెళ్లాలంటే పులిహోర పొట్లాలే ఎన్ని కట్టాలో లెక్కేస్తున్నాను. "ఆ విజయనగరం కాదు పిన్నీ, రాయలవారిది!" అని నెత్తి కొట్టుకుంది.

పెళ్లికూతురికి ఆ కాలం డిజైన్లతో లంగా ఓణీ, మగవాళ్లు పదిమందికి రాయల కొలువులో వాళ్ల వేషం, అందరూ కలిసి డాన్సు. ఇదీ ఏర్పాటు. "అద్దెకు తెచ్చుకుంటే పోలా" అన్నారు మావారు. నాటకాల దుస్తులు అద్దెకిచ్చేచోట అడిగితే రాయలవారి కిరీటం రెడీగా ఉందన్నారు. తీరా చూస్తే అది యమధర్మరాజుది. రెండు కొమ్ములూ ఊడదీసి, ఆ చిల్లుల మీద చమ్కీ పూలు అంటించారు.

మా బావ తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయన ముందు తప్పు చెయ్యొచ్చు గానీ తప్పు వేషం వెయ్యకూడదు. "రాయలవారికి కిరీటమేందమ్మా? తిరుమలలో చూళ్లేదా? ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడింటాడు, నెత్తిన కుళ్లాయి, అదే పొడుగాటి టోపీ, ఉంటాది. శ్రీనాథుడంతటోడు కన్నడ రాజు కొలువుకు పోయి కుళ్లాయి పెట్టుకోలేదా, వెల్లుల్లి తినలేదా?" అంటూ శ్రీనాథుడి పేరు మీద ఉన్న ఆ చాటుపద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదానికి కాఫీలు చల్లారాయి. నాలుగో పాదం పూర్తవగానే "కుళ్లాయిలు నేను కుడతాను" అన్న మాట వినబడింది. ఎవరా అని చుట్టూ చూస్తే అందరూ నా వైపే చూస్తున్నారు.

నాకు కుట్టు రాదని కాదు. జాకెట్లు కుడతాను, పాత చీరకి ఫాల్ వేస్తాను, ఒకసారి స్కూటర్ సీటుకి కవరు కూడా కుట్టాను. కుళ్లాయి అంటే ఏముంది, దిండు గలీబుని కొస దగ్గర సన్నం చేస్తే అయిపోయె అనుకున్నాను. అయినా ఒకసారి అసలుది చూసొస్తే మంచిదని ఆదివారం పూట కారు మాట్లాడుకుని లేపాక్షి బయల్దేరాం. అక్క, బావ, పిల్ల, నేను, ఫోన్ పట్టుకుని మావారు.

లేపాక్షి గుడి అచ్యుతదేవరాయల కాలం నాటిది. కట్టించింది విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. వాళ్లిద్దరూ పరివారంతో సహా పైకప్పు మీద బొమ్మలో ఉన్నారు, నెత్తిన తెల్లగా పొడుగ్గా కుళ్లాయిలు పెట్టుకుని. ఇంకోచోట పార్వతీ కల్యాణం. అందులో ఆడవాళ్లు కట్టిన చీరల చారలూ గళ్లూ చూస్తే, ఇప్పుడు ఏ షాపులో పెట్టినా ఎగబడి కొంటారు. అక్క అయితే ఒక చీర కింద నిలబడి పది నిమిషాలు కదల్లేదు. మెడ పట్టేసిందని తర్వాత తెలిసింది.

ఆ గుడిలో అసంపూర్తిగా మిగిలిపోయిన కల్యాణమండపం కూడా ఉంది. రాయలవారి ఖజానా సొమ్ము అడక్కుండా ఖర్చుపెట్టాడని విరూపణ్ణ మీద నింద పడిందని, ఆయన తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టుకున్నాడని కథ. గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. పెళ్లి ఖర్చు మొత్తం నెత్తినేసుకున్న మా బావ ఆ మరకల ముందు చాలాసేపు మౌనంగా నిలబడ్డాడు. పద్యం కూడా చదవలేదు.

వేలాడే స్తంభం దగ్గర మాత్రం నేనే ఒక పొరపాటు చేశాను. దాని కిందున్న సందులోంచి గుడ్డ దూర్చి అవతలికి తీస్తే మంచిదని అందరూ దూరుస్తుంటారు. మా దగ్గర గుడ్డ లేదు. నా సంచిలో టేపు ఉంది. ఇటు నుంచి నేను దూర్చాను, అటు నుంచి అక్క అందుకుంది. నేను వదిలానని తను, తను పట్టుకుందని నేను. ఎవరు ముందు లాగారో తెలీదు గానీ, పాత టేపేమో, మొదటి రెండంగుళాలు ఊడి అక్క చేతిలోకి వెళ్లిపోయాయి. కొలతలకి ఏం ఢోకా లేదులే, లెక్కలో రెండు తీసేస్తే సరి అనుకున్నాను. అప్పుడైతే బాగా గుర్తుంది.

మావారు ఆ రోజు 212 ఫోటోలు తీశారు. దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న ఏకశిలా నందిని తోక లేకుండా ఒకటి, తల లేకుండా ఒకటి. మిరపకాయ బజ్జీల బండి ఒకటి, చాలా స్పష్టంగా. ఏడు పడగల నాగలింగం ముందు మేం నలుగురం నిలబడితే మా నలుగురి కళ్లూ మూసుకునే ఉన్నాయి, భక్తి అని చెప్పుకోవచ్చు. లతామండపం స్తంభాల మీది తీగల డిజైన్లు మాత్రం బాగా వచ్చాయి. విరూపణ్ణ పరివారం మొత్తం ఒకే ఫోటోలో పట్టింది. "చూశావా, ఒక్కరు కూడా పోలేదు" అని ఆయన గర్వంగా చూపించారు. పట్టదా మరి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంటికొచ్చి ఆ ఫోటో పెద్దది చేసి స్కేలు పెట్టి కొలిచాను. అంచున నిలబడ్డాయన మొహం ఎంతుందో, టోపీ దానికి సరిగ్గా రెండింతలుంది. మనిషి మొహం తొమ్మిది అంగుళాలనుకుంటే కుళ్లాయి పద్దెనిమిది. నాకు కొంచెం ఎక్కువనిపించింది. కానీ ఫోటో అబద్ధం చెబుతుందా? పైగా రాజుల కాలం.

బట్ట దగ్గర బావకి నీలం కావాలి. "లేపాక్షి బొమ్మల్లో నీలం దాదాపు కనబడదు నాన్నా" అని పిల్ల పట్టుబట్టింది. అసలు కుళ్లాయి తెలుపు కదా అంటే, శుభమా అని పెళ్లి చేస్తూ పదిమందికి తెల్ల టోపీలేమిటని అక్క కళ్లెర్రజేసింది. ఆ కళ్ల రంగే ఖాయమైంది. ఎర్ర బ్రొకేడ్ తీసుకున్నాం. స్కేలు పెట్టి గీతలు గీసి కత్తిరించాను. అంచు దగ్గర నా కుట్లు కొంచెం వంకర పోతే, కనబడకుండా వెడల్పాటి తెల్ల లేసు చుట్టాను. టోపీ నిటారుగా నిలబడ్డానికి లోపల బక్రం వెయ్యాలి. పది టోపీలకి సరిపడా బక్రం షాపులో లేదు. రెండ్రోజుల్లో వస్తుందన్నారు. నాకంత ఓపిక ఎక్కడిది? చిక్కగా గంజి కాచి, ముంచి, రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలకి తొడిగి మేడ మీద వరసగా ఎండబెట్టాను. సాయంత్రానికి రేకుల్లా టకటకలాడాయి. తలకి పెట్టి చూద్దామంటే మగవాళ్లు ఒక్కరూ దొరకలేదు. సీసాలకి మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

లంగా ఓణీ అంచుకి తీగల డిజైను రంగులతో అద్దాలి. అచ్చు కత్తిరించడానికి పాత ఎక్స్‌రే ఫిల్ముని మించింది లేదు. గట్టిగా ఉంటుంది, కడిగితే రంగు పోతుంది. బీరువాలో కనిపించిన ఫిల్ము తీసి, కొత్త బ్లేడుతో ఆకు ఆకూ తొలిచి, మీగడ రంగు బట్ట మీద పెట్టి, స్పాంజితో ఆవరంగు, దాని పక్కన ఇటికరంగు అద్దుకుంటూ పోయాను. ఫిల్ము ఎత్తిన ప్రతిసారీ కింద ఒక తీగ పుట్టుకొస్తుంటే, విరూపణ్ణ అంత ఖర్చు ఎందుకు పెట్టాడో అర్థమైంది. నాలుగు రాత్రులు పట్టింది. నా జన్మలో నేను చేసిన పనుల్లో అదొక్కటే ఎవరూ వంక పెట్టలేదు. తర్వాత మా అత్తగారిని మోకాలి నొప్పికి తీసుకెళ్తే డాక్టరు పాత ఎక్స్‌రే అడిగారు. లైటుకి ఎదురుగా పెట్టి చూసి, మోకాలి చిప్ప మీదుగా పాకిన ఆ లతని కాసేపు పరిశీలించి, కొత్తది తీయించుకోమన్నారు.

సంగీత్ రోజు సాయంత్రం మగవాళ్లు కుళ్లాయిలు పెట్టుకున్నారు. పెట్టుకోగానే అవి జారి ముక్కుల మీదికి దిగాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రెండంగుళాలు. కొలిచినవాళ్లందరికీ తీసెయ్యడం మరిచాను. బావ తల 22.5 మాత్రమేనని ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. చేతి తువ్వాళ్లు మడిచి తలకీ టోపీకీ మధ్య కుక్కాం. బావ ఒప్పుకోలేదు. "నా కొలత నాకు తెల్దా?" అన్నాడు. మేకప్ గది గుమ్మం దాటేటప్పుడు అందరూ గర్భగుడిలోకి పోతున్నట్టు వంగారు. వరసలో వంగి వస్తుంటే నిజంగానే కొలువులా ఉందని అక్క కళ్లు తుడుచుకుంది. నేను కొలిచిన ఆ లేపాక్షి ఫోటో చూసిన పిల్ల నెమ్మదిగా అడిగింది: "బాబాయ్, ఇది వెడల్పుగా పట్టే 0.5లో పెట్టి తీశారా?"

"అందరూ పట్టాలి కదమ్మా" అన్నారు మావారు.

అలా తీస్తే అంచుల్లో ఉన్నవి సాగుతాయట. విరూపణ్ణ టోపీ మామూలుగానే ఉందట. సాగింది మావారి ఫోన్‌లో.

స్టేజీ ముందు పూల తోరణం, దానికి చుట్టిన సీరియల్ లైట్లు. బావ ముందు నడుస్తున్నాడు. పద్దెనిమిది అంగుళాల కుళ్లాయి కొస సరిగ్గా ఆ తీగలో చిక్కుకుంది. ఆయన ఆగకుండా నడిచాడు. కుళ్లాయితో పాటు తోరణం కొంత, వెలిగి ఆరుతున్న లైట్లు చాలా, వెంట వచ్చాయి. మగపెళ్లివారు అది కూడా థీమ్ అనుకుని చప్పట్లు కొట్టారు. ఎలక్ట్రీషియన్ పరుగెత్తుకొచ్చి తీగ విడిపించేసరికి టోపీ ఎటో ఎగిరిపోయింది. బావ కండువా తలకి చుట్టుకుని డాన్సు మొదలెట్టాడు.

రెండో పాట సగంలో ఉండగా తువ్వాళ్లు తడిశాయి. గంజి చెమటకి ఆగుతుందా? ముందు పెద్దల్లుడి కుళ్లాయి మధ్యకి విరిగి చెవి మీదికి వాలింది. తర్వాత మావారిది. ఒక్కొక్కటే తొమ్మిదీ పక్కకి పడుకున్నాయి. ఎర్ర టోపీ, చుట్టూ తెల్ల లేసు, కొస వేలాడుతూ. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. మగపెళ్లివారి వైపు నుంచి ఒక పిల్లాడు లేచి నిలబడి గట్టిగా అరిచాడు: "అమ్మా, తొమ్మిదిమంది క్రిస్మస్ తాతలు!"

వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని "కొత్తగా చేశారండీ" అంది. వాడు మాత్రం చాక్లెట్లు ఇచ్చేదాకా మావారిని వదల్లేదు.

మూడు వారాలకి ఆల్బమ్ వచ్చింది. గ్రూప్ ఫోటోలో తొమ్మిదిమంది తలలు వాలిన టోపీలతో, కండువాతో బావ, మధ్యలో తీగల లంగాలో పిల్ల. పిల్ల పక్కనే కుర్చీలో, కుళ్లాయి నిటారుగా, ఒక్క ముడత లేకుండా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఒక పెద్దాయన. అచ్చం రాయలవారు కొలువుదీరినట్టే ఉన్నాడు. ఎగిరిపోయిన బావ టోపీ అదే. ఏసీ కింద కూర్చున్నాడేమో, చెమట చుక్క లేదు. దర్జా చూసి ఫోటోగ్రాఫర్ ఆయన్నే మధ్యలో కూర్చోబెట్టినట్టున్నాడు.

"మీ పెదనాన్నగారి ఫోటో బలే వచ్చిందండీ" అని వియ్యపురాలు ఫోన్ చేసింది. మాకు పెదనాన్న లేడు. మీ వైపు వాళ్లేమో అనుకున్నామండీ అంటే, మేం మీ వైపు వాళ్లనుకుని కట్నం కూడా పెట్టాం అన్నారు. వంటవాళ్లని అడిగాం. రెండు పూటలా పాయసం మారు వడ్డించుకున్నాడని మాత్రం చెప్పారు.

పది కుళ్లాయిల్లో తొమ్మిదే తిరిగొచ్చాయి. నేను కొలిచిన తలల్లో ఒక్కటి కూడా నిజంగా 24.5 లేదు. ఆయన తల ఎవరూ కొలవలేదు, టోపీ మాత్రం ఆయనకే అతికినట్టు సరిపోయింది.