మహారాజశ్రీ సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్సు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు గారి దివ్య సముఖమునకు,

విజయవాడ నుంచి తమరి ప్రస్తుత యజమాని రాసుకుంటున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఉభయుల్లో ఎవరమూ కుశలంగా లేము కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

తమరు చెన్నైలో పాత బండి సామాన్ల బజారైన పుదుప్పేట నుంచి పార్శిల్ లారీలో, గోనెసంచి కప్పుకుని ఆటోనగర్‌లో దిగిననాడు ఎంత హడావుడి చేశాం! మా 2004 మోడల్ కారుతో పాటు పుట్టిన గేర్‌బాక్సు చేతులెత్తేసింది. కొత్తది దొరకదు, దొరికినా ఆ డబ్బుకి ఇంకో పాత కారే వస్తుంది. అందుకని ముప్పై ఐదు వేలు పోసి తమర్ని తెప్పించాం. అమ్మినాయన ఫోన్లో ఒకటే మాట: "టెస్ట్ చేసిన పీస్ సార్, కళ్ళు మూసుకుని బిగించుకోండి."

తమర్ని ఎక్కడ, ఎలా టెస్ట్ చేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇంజన్ తిరిగితే గానీ తమరి పంపు తిరగదు. పంపు తిరిగితే గానీ ఆయిల్‌కి ప్రెషర్ రాదు. ప్రెషర్ వస్తే గానీ లోపల క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. బల్ల మీద పెట్టి ఎంతసేపు చూసినా కనిపించేది అల్యూమినియం పెట్టె ఒక్కటే. అంటే తమర్ని టెస్ట్ చేసే మిషన్ ఈ భూమ్మీద మా కారేనన్నమాట. ఆ టెస్టుకి యాక్సిల్ షాఫ్టులు ఊడదీయాలి, మౌంటింగులు విప్పాలి, కింద క్రాస్ మెంబర్ దించాలి, మళ్ళీ అన్నీ ఎక్కించాలి. ఫీజు పన్నెండు వేలు. ఆయిల్ ఖర్చు వేరు.

బిగించడంలో తమరికి ఏ లోటూ జరగలేదని మనవి. ఇంజన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా తమరికి అందించే టార్క్ కన్వర్టర్ పూర్తిగా లోపలికి దిగకుండా బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. మా మేస్త్రి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ నెడుతుంటే టక్, టక్, టక్‌మని మూడు మెట్లు దిగింది. మూడోది వినపడేదాకా ఆయన స్పానర్ ముట్టుకోలేదు. రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ కూడా కడిగించాను. పాత గేర్‌బాక్సు రాల్చిన పొడి అంతా అందులోనే పేరుకుని ఉంటుంది, కడగకపోతే కొత్తగా వచ్చినవారి నోట్లోకే పోతుంది. ఇన్ని మర్యాదలు చేసి తెచ్చుకున్నాక తమరు చేసిందేమిటి?

పొద్దున్నే తమరంత బుద్ధిమంతులు లేరు. సెలెక్టర్‌ని డీలో, అంటే ముందుకి నడిపే స్థానంలో, పెట్టగానే బండి కదులుతుంది, గేర్లు మారేది కూడా తెలియదు. అరగంట తిరిగి బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగేసరికి ఒంట్లో వేడి పుడుతుంది. అక్కణ్ణుంచి తమరి అసలు గుణం. డీలో వేస్తే కాసేపు ఆలోచిస్తారు, తర్వాత వీపు మీద చరిచినట్టు దబ్బుమని పట్టుకుంటారు. రెండో గేరు నుంచి మూడోదానికి వెళ్ళేటప్పుడు మరీ విడ్డూరం. ఆర్‌పీఎం ముల్లు నాలుగు వేలకి ఎగబాకుతుంది, ఇంజన్ గోలగోల పెడుతుంది, బండి మాత్రం ఉన్న వేగంలోనే ఉంటుంది. పక్కన బైకు మీద కుర్రాడు నేను వాడితో రేసుకి దిగాననుకుని ముందుకి ఉరికాడు. ఓడిపోయిన నా పరువు గురించి తమరికేం పట్టింది?

కనకదుర్గ ఫ్లైఓవర్ మీద అయితే డ్యాష్‌బోర్డులో ఓవర్‌డ్రైవ్ ఆఫ్ దీపం మిణుకుమిణుకుమంది, తమరు మూడో గేరులోనే భీష్మించుకున్నారు. దీన్ని లింప్ మోడ్ అంటారట. కంట్రోల్ యూనిట్‌కి తమరి మీద నమ్మకం పోతే గేర్లు మార్చే ఆయిల్ వాల్వులకి, అంటే సోలినాయిడ్లకి, కరెంటు ఆపేసి, ఏదో ఒక గేరులో ఇంటికి చేరమని వదిలేస్తుంది. తాళం తీసి మళ్ళీ తిప్పితే కాసేపు మామూలే. ఆ ఎత్తు మీద మూడో గేరులో ఆగిన బండిని కదిలించడం ఎవరి తరం? పైగా ఆ మూడోదే జారుతోంది.

బండి ఆగితే చాలు, మన జనానికి చేతులు దురద పెడతాయి. నలుగురొచ్చి తొయ్యడానికి సిద్ధమయ్యారు. "ఇంజన్ ఆడుతూనే ఉందండీ, స్టార్టింగ్ ట్రబుల్ కాదు" అంటే వినరే! ఇది తోసి స్టార్ట్ చేసే బండి కాదన్నాను. తాడు కట్టి లాగుతామన్నారు. ముందు చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదు, ఇంజన్ ఆపితే పంపు ఆగిపోతుంది, లోపల ఆయిల్ ఆడక ఉన్నవి కూడా అరిగిపోతాయని చెప్పాను. ఒక పెద్దాయన అంతా శ్రద్ధగా విని, "తోయకూడదు, లాగకూడదు, అది తనంతట తాను కదలదు. మరెందుకు కొన్నారండీ?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. తమరి దగ్గరుంటే సెలవివ్వండి.

తమరి వంశం సామాన్యమైంది కాదు. 1939లో జనరల్ మోటార్స్ వాళ్ళు హైడ్రా-మ్యాటిక్ పేరుతో తమరి తాతగారిని ఓల్డ్స్‌మొబైల్ కార్లకి ఎక్కించారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయనే ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లో, ఒక్కో ట్యాంకుకి ఇద్దరేసి చొప్పున కూర్చుని యుద్ధరంగంలో తిరిగారు. ఆయన మనవలు తమరు. కృష్ణ ఒడ్డున ఒక ఫ్లైఓవర్ ఎక్కలేకపోయారు.

ఇక రోగం తేల్చడానికి ఊరంతా వైద్యులే. మా బావమరిది బ్యాటరీ అన్నాడు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు పెట్రోల్ కల్తీ అన్నారు. ఏసీ వేయకుండా నడపమని ఒకరు, నిమ్మకాయలు కట్టమని ఇంకొకరు. ఆయిల్ షాపు అబ్బాయి అయితే, "ఏదైనా ఎర్రదే కదా సార్, పోసేయండి" అన్నాడు. డెక్స్‌రాన్, ఎస్‌పీ-త్రీ, టీ-ఫోర్ అనే గేర్‌బాక్సు ఆయిళ్ళు మూడూ ఎర్రగానే ఉంటాయి. ప్లేట్లని పట్టించే గుణమే వేటికవే వేరు. కేవలం రంగు చూసి పోస్తే బండి వణుకుతుంది.

లారీ పనిలో ఆటోనగర్‌ని కొట్టేవాడు లేడు, ఆ మాటకి నేను కట్టుబడి ఉన్నాను. కానీ తమరి జాతి మన రోడ్ల మీద మొన్నమొన్నటి దాకా అరుదు. 2014లో సెలెరియోతో చవక ఏఎంటీలు వచ్చాకే ఆటోమేటిక్ అనే మాట మధ్యతరగతి ఇళ్ళలో వినపడింది. అవీ తమరి జాతి కాదు, మామూలు గేర్‌బాక్సుకే క్లచ్చు తొక్కే మరమనిషిని తగిలించారు. అందుకే తమరి నాడి చూడగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కే. మా మేస్త్రి వాళ్ళలో ఒకడు కావడం తమరి దురదృష్టం.

ఆయన ఖర్చు లేని పనులతో మొదలుపెట్టాడు. బండి వేడి మీద, చదునైన చోట, ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ కడ్డీ తీశాడు. మట్టం సరిగ్గానే ఉంది. రోజ్‌మిల్క్ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్ళు కలిశాయని సరిపెట్టుకునేవాళ్ళం. ఉన్నది మాత్రం ముదురు గోధుమ రంగు, ముక్కు దగ్గర పెడితే మాడు కంపు. స్కానర్ పెడితే ముందు పీ0700 అంది. గేర్‌బాక్సులో ఏదో ఉంది, లోపల అడగండి అని దాని భావం. లోపల అడిగితే పీ0733, అంటే మూడో గేరు నిష్పత్తి తప్పింది. మీటర్ పెట్టి సోలినాయిడ్ల ఓమ్స్ చూశాడు, బాగానే ఉన్నాయి. ఎర్త్ వైరు గీకి బిగించాడు, న్యూట్రల్ స్విచ్ సర్దాడు. తమరిలో మార్పు లేదు.

ఆ తర్వాత స్టాల్ టెస్ట్. చక్రాలకి చెక్కలు పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి, డీలో ఫుల్ యాక్సిలరేటర్. అయిదు సెకన్లకి మించి పట్టకూడదు, ఆయిల్ మరిగిపోతుంది. ముల్లు ఉండాల్సిన చోటు దాటి పోయింది, లోపల జారుతోందని అర్థం. ప్రెషర్ గేజీ పెడితే కథ తేలిపోయింది. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ నిక్షేపంగా ఉంది, వేడెక్కేకొద్దీ కిందకి జారింది. వేడికి ఆయిల్ పల్చబడుతుంది, ఎండి గట్టిపడ్డ సీళ్ళ పక్కనుంచి కారిపోతుంది, ప్లేట్లకి పట్టు చాలదు. కింద పాన్ విప్పితే అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద ఉంది. అది ఏ గేర్‌బాక్సులోనైనా ఉండేదే. దాని చుట్టూ గోరంత నల్లటి పెచ్చులు తేలుతున్నాయి చూశారా, అవి తమరి ప్లేట్లవి. మేస్త్రి ఒకటి వేలి మీదకి తీసుకుని నాకు చూపించాడు, ఏమీ అనలేదు.

వారంటీ సంగతి కూడా అడిగాం. అమ్మినాయన ఓపిగ్గా విని, "మీ ఊళ్ళో ఎండలెక్కువ సార్, అందుకే అలా" అన్నాడు. చెన్నైలో కూర్చుని! మేం మా ఊరిని బ్లేజ్‌వాడ అని వెక్కిరించుకుంటాం, అది మా హక్కు. ఆయనకెవరిచ్చారు?

కనుక విన్నవించుకునేది ఏమంటే, తమర్ని విప్పించడానికే నిశ్చయించాను. సీల్ కిట్టు, మూడో గేరు ప్లేట్లు ఢిల్లీ నుంచి రావాలి. అవి వచ్చేదాకా మూడో గేరు ఊసెత్తను, సెలెక్టర్‌ని రెండు దగ్గరే పెట్టి తిరుగుతాను. రేపు మా అత్తగారిని గుడివాడలో దింపాలి. నలభై దాటకుండా, దారిలో ట్రాక్టర్లకి కూడా దారి ఇచ్చుకుంటూ పోతాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అల్లుడు నెమ్మదిగా నడపడం నేర్చుకున్నాడని ఆవిడ అప్పుడే వీధిలో అందరికీ చెప్పేశారు. ఆ ఒక్క ప్రయాణం ఆవిడ దృష్టిలో నా పరువు నిలబెట్టండి చాలు, ఎల్లుండి స్పానర్లతో కలుసుకుందాం.

ఇట్లు,
తమరి టెస్టింగ్ మిషన్ యజమాని