లూపస్‌కు ‘ఇమ్యూనిటీ పెంచే’ కషాయమా?

మొన్న మా బంధువుల గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. అప్పటికే అనంతపురంలో సగం ఫోన్లు తిరిగినట్టుంది, ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేశారు’ అన్న గుర్తు కూడా ఉంది. అందులో ఉన్నది ఇదీ: లూపస్ అంటే రోగనిరోధక శక్తి పడిపోవడం. రోజూ తిప్పతీగ కషాయం తాగి, పొద్దున అరగంట ఎండలో కూర్చుని, ఇంగ్లీషు మాత్రలు మానేస్తే నలభై రోజుల్లో మాయం. అప్పటిదాకా రోగి తిన్న కంచంలో ఎవరూ తినకూడదు. కింద మా చిన్నమ్మ “పాపా, నీ కోసమే పెట్టినా” అని రాసింది. నాకు లూపస్ వచ్చి తొమ్మిదేళ్లు. అందుకే జవాబు కాస్త పెద్దది.

మొదటి మాటే తలకిందులు. లూపస్‌లో రోగనిరోధక వ్యవస్థ నీరసపడదు, కంచే చేను మేసినట్టు సొంత ఒంటి మీదే పడుతుంది. మన కణాల్లోని డీఎన్ఏ మీదే యాంటీబాడీలు పుట్టి, దానితో ముద్దకట్టి, కిడ్నీ జల్లెడల్లో పేరుకుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది. ఈ పోరులో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు ఖర్చయిపోతాయి. వాటిలో ఒకటైన సీ3 నా రిపోర్టులో పడిపోయిన నెలలోనే మూత్రంలో నురగ, కాళ్లకు నీరు కనిపించాయి.

ఈ అపోహ ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. ఒకసారి నా తెల్లకణాలు 3,100 ఉన్నాయి. ఆ కాగితం చూసి మా అత్త “నీకు ఇమ్యూనిటీ లేదు తల్లీ” అనేసింది. తగ్గిన మాట నిజమే, కానీ లూపస్‌లో వాటిని తగ్గించేది చాలాసార్లు ఆ వ్యవస్థే. మాకు ఇన్ఫెక్షన్లు త్వరగా వస్తాయన్నదీ నిజమే, మేం వాడే మందులూ అందుకో కారణం. అందుకు డాక్టరు చెప్పిన టీకాలున్నాయి.

2022లో జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు, మందులకు లొంగని ఐదుగురు లూపస్ రోగుల్లో యాంటీబాడీలకు మూలమైన బీ కణాలను కార్-టీ చికిత్సతో, అంటే రోగి సొంత టీ కణాలనే ల్యాబులో మార్చి తిరిగి ఎక్కించి, తుడిచేశారు. ఐదుగురికీ జబ్బు సద్దుమణిగింది. శక్తి చాలక వచ్చే జబ్బే అయితే, ఉన్నది కూడా తీసేస్తే ముదరాలి కదా?

తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబై వైద్యులు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ తగువు వాళ్లది. నిజంగానే అది ఇమ్యూనిటీ పెంచుతుందనుకుందాం. మేస్తున్న కంచెకు ఇంకా బలమెందుకు చిన్నమ్మా?

ఎండ సలహా రాసినవాళ్లు మా ఊరి ఎండ చూసినట్టు లేరు. అతినీలలోహిత కిరణాలకు చర్మకణాలు చచ్చి, లోపలి డీఎన్ఏ బయటపడుతుంది. యాంటీబాడీలు కాచుకుని ఉన్నది దానికోసమే. ఒక ఏప్రిల్‌లో గొడుగు మరిచి టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా నడిచాను. మర్నాటికి ముక్కుకు అటూ ఇటూ ఎర్రగా లేచింది. మూడో రోజుకు వేళ్లు ముడవడం లేదు, సంగటి కెలికే కట్టె పట్టుకోలేకపోయాను. ఆ వారమంతా మా ఆయన కెలికిన ఉండల సంగటే తిన్నాం. విటమిన్ డి మాత్రల్లోనూ దొరుకుతుంది.

మాత్రలు మానేయమనడం అన్నిటికంటే ప్రమాదం. లూపస్‌కు మేం వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర మీద 1991లో కెనడా పరిశోధన ఒకటి వచ్చింది. జబ్బు నిలకడగా ఉన్న 47 మందిని తీసుకున్నారు. అసలు మాత్ర కొనసాగించిన 25 మందిలో 9 మందికి జబ్బు తిరగబెడితే, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 22 మందిలో 16 మందికి తిరగబెట్టింది. ఇక స్టెరాయిడ్ నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే, ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ చాలక బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈ మందులతో ముఖం ఉబ్బడం, కంటి పరీక్షలు, అన్నీ పడ్డాను. అయినా డోసు తగ్గించాల్సింది డాక్టరే, అదీ మెల్లగా.

కంచం సంగతి. నా కంచంలో తిని పెరిగిన పిల్లలిద్దరికీ, నా పక్కన పడుకునే మా ఆయనకూ రాలేదు. ఇది అంటుకునే జబ్బు కాదు.