సెన్సర్‌కు ఒక ప్లగ్గు పెడితే ఏం పోయింది?

అక్వేరియం నీళ్ల వేడిని చూసి హీటర్‌ను వేసి ఆపే కంట్రోలర్‌లో తరచుగా ముందు పాడయ్యేది, రోజంతా నీళ్లలో నానుతూ వేడిని కొలిచే సెన్సరే. ఆ సంగతి తయారు చేసేవాళ్లకు తెలియదా? అయినా చాలావాటిలో దాని తీగను లోపలి బోర్డుకు టంకం వేసి, పైన జిగురు పోసి మూసేస్తారు. చిన్న ప్లగ్గు పెట్టి ఉంటే సెన్సర్ మార్చడం నిమిషంలో అయిపోయే పని!

పోనీ, విప్పి మనమే మారుద్దామంటే చాలాసార్లు ఏ రకం సెన్సరో ఎక్కడా రాయరు. ఇందులో వాడేది థర్మిస్టర్, అంటే వేడి పెరిగితే నిరోధం తగ్గి, చల్లబడితే పెరిగే సెన్సర్. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపే థర్మిస్టర్లలోనే బీటా విలువ (వేడితో నిరోధం ఎంత జోరుగా మారుతుందో చెప్పే అంకె) 3435 ఉన్నవీ దొరుకుతాయి, 3950 ఉన్నవీ దొరుకుతాయి. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే 25 దగ్గర సరిగ్గానే చూపిస్తుంది, అటూ ఇటూ జరిగేకొద్దీ లెక్క తప్పుతుంది.

ఇది చేపల ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం. తీగ తుప్పు పట్టి నిరోధం పెరిగితే, నీళ్లు చల్లగా ఉన్నాయనుకుని కంట్రోలర్ హీటర్‌ను ఆపనే ఆపదు. తెర మీద 22 అని ఉంటుంది. గాజుకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. చేపలేమో పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, వేడి నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది కదా పాపం!

గోరంత సెన్సర్ పోయిందని నిక్షేపంలా ఉన్న కంట్రోలర్‌ను మొత్తం పారేయమనడం ఏం న్యాయం? కనీసం విడి సెన్సర్లు అమ్మండి, డబ్బా మీద బీటా విలువైనా అచ్చు వేయండి.