మృతురాలే ఫిర్యాదుదారు

మన విజయవాడలోనే తీశారని విని, రెండు రాత్రుల నిద్ర వెచ్చించి, ఎనిమిది భాగాల మిస్టరీ సిరీసును చివరిదాకా చూసిన ప్రేక్షకుడికి హంతకుడి పేరు తెలియడం కనీస హక్కు. తెలిసింది, కాదనను. అయితే అది వేలిముద్రల వల్లనో, ఫోన్ రికార్డుల వల్లనో, ఇన్‌స్పెక్టరు గారి బుర్ర వల్లనో తెలియలేదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన కథానాయిక ప్రకాశం బ్యారేజీ మీద కారు ఆపి, నీళ్లవైపు చూసి, కళ్లు తేలవేసి పడిపోయి, లేచాక "గత జన్మలో నన్ను చంపింది ఆయనే" అనడం వల్ల తెలిసింది. ఏడు భాగాల పాటు నేను శ్రద్ధగా రాసుకున్న అనుమానితుల జాబితా, ఆగిపోయిన గడియారం, పాలవాడి అబద్ధం అన్నీ డెబ్బై గేట్లూ దాటి కృష్ణలో కలిసిపోయాయి.

1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు రాసి, రెండో నియమంలోనే మానవాతీత శక్తులకు ప్రవేశం లేదన్నాడు. ఆయన క్యాథలిక్ మతాచార్యుడు. రోజూ దేవుణ్ణి కొలిచే మనిషే దేవుణ్ణి హత్యకేసులోకి లాగవద్దన్నాడు. మన రచయితలకు ఆ మాత్రం భక్తి కూడా లేకపోయింది.

పునర్జన్మ మీద నాకు ద్వేషమేమీ లేదు. బుద్ధుడి పూర్వజన్మల కథలను అమరావతి స్తూపం మీద శిల్పులు పాలరాయి లాంటి రాతిలో చెక్కుకున్న ప్రాంతం మనది. నా అభ్యంతరమంతా జ్ఞాపకశక్తితోనే. నాకూ నీకూ ఎన్నో జన్మలు గడిచాయి, అవన్నీ నాకు తెలుసు, నీకు తెలియవు అని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో స్పష్టంగా చెబుతాడు. గాండీవధారికే లేని జ్ఞాపకశక్తి ఈ అమ్మాయికి ఉంది. ఏ బీరువాలో ఏ అరలో ఏ తాళంచెవి ఉండేదో, హత్య జరిగిన రాత్రి టీవీలో ఏ వార్త చదువుతున్నారో ఆమెకు గుర్తే. 1999 నాటి విజయవాడ ఆమెకు నీలం రంగులో గుర్తుకొస్తుంది, ఆ నీలంలో కనకదుర్గ ఫ్లైఓవరు నిక్షేపంగా నిలబడి ఉంటుంది. దానిని ప్రారంభించింది 2020 అక్టోబరులో. అంటే గత జన్మలో ఉండగానే ఆమెకు రాబోయే జన్మ కూడా గుర్తున్నదన్నమాట. పూర్వజన్మ గుర్తున్న జాతిస్మరులలో ఇది కొత్త తరగతి.

దర్శకుడు దాటేసిన ఘట్టం ఒకటి వారం రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆమె పోలీసు స్టేషనులోకి వెళ్తుంది, మరుక్షణం జీపులు కదులుతాయి. మధ్యలో స్టేషను రైటరు ఉంటాడు కదా? ఆయన ఫారం నింపాలి కదా?

"మృతురాలి పేరు?"

"నేనే."

"మీ పేరు కాదమ్మా, చనిపోయినావిడ పేరు."

"అదే, నేనే."

"మృతురాలికి మీరేమవుతారు?" ఆ గడి ఖాళీగా వదిలేస్తే పైవాళ్లు ఊరుకోరు కనుక రైటరు అడగక తప్పదు. కొంత ఆలోచన తర్వాత "స్వయంగా" అని రాసుకుంటాడు.

"సంఘటన జరిగినప్పుడు వయసు?"

"పంతొమ్మిది."

"1999లో పంతొమ్మిది. ఇప్పుడు?"

"ఇరవై మూడు."

"మధ్యలో?"

"మధ్యలో కొన్నాళ్లు లేను."

రైటరు కలానికి మూత పెట్టి, లోపలి గదికి వెళ్లి, గొంతు తగ్గించి, "సార్, మృతురాలు వచ్చారు. కూర్చోబెట్టమంటారా?" అని అడుగుతాడు.

కోర్టులో సంగతి ఇంకా రసవత్తరం. మరణ వాంగ్మూలానికి మన చట్టంలో గొప్ప విలువ ఉంది, కానీ అది చెల్లాలంటే చెప్పిన మనిషి చనిపోయి ఉండాలి. ఈమె చనిపోయింది, చనిపోలేదు కూడా. డిఫెన్సు లాయరు ఏ వైపు నుంచి వాదించినా గెలుస్తాడు.

ఇక తిరుగులేని సాక్ష్యంగా చూపించినది మెడ మీది పుట్టుమచ్చ. ఇలాంటి ఉదంతాలను దశాబ్దాల పాటు సేకరించిన వర్జీనియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ కూడా 1966 నాటి తన గ్రంథం పేరులో అవి పునర్జన్మను "సూచించే" ఉదంతాలన్నాడే కానీ, రుజువులనలేదు. మన ఇన్‌స్పెక్టరు మచ్చ చూశాడు, బేడీలు తీశాడు. మా పిన్నికైతే మొదటి భాగంలోనే తెలిసిపోయిందట. "లేకపోతే ఆ మచ్చకి అన్ని క్లోజప్పులు ఎందుకురా?" అంది. ఆ ఉద్యోగమేదో ఆవిడకిస్తే ఏడు భాగాలు మిగిలేవి.

గత జన్మలో ఆ అమ్మాయి ఎవరో నేనింకా చెప్పనేలేదు. చంపినవాడి బంగళాలో పనిపిల్ల. బావిలో తేలితే ఆత్మహత్య అని రాసి కాగితాలు కట్టేశారు. కథానాయికకు ఇంటిపేరుతో సహా మూడు ముక్కల పేరు పెట్టిన రచయితకు ఈ పిల్లకు ఒక్క పేరు పెట్టడానికి మనసు రాలేదు, ఎనిమిది భాగాల్లోనూ ఆమె "ఆ పనిపిల్ల"యే. రెండో భాగంలో ఆమె తల్లి ఫోటో పట్టుకుని స్టేషను మెట్ల దగ్గర నిలబడుతుంది. "రేపు రా" అంటారు. గడియారం పెట్టి చూశాను, నలభై సెకన్లు. హత్యకు మన చట్టంలో కాలపరిమితి లేదు. ఆ కేసు తిరగదోడడానికి ఎవరూ మళ్లీ పుట్టనక్కర్లేదు, ఆ తల్లి మాట విని ఒక్కడు కలం తీస్తే చాలు. కానీ కాదు! నది ఒడ్డు పేట కృష్ణలంకలో పుట్టిన పిల్ల చస్తే చావుగా లెక్కకు రావాలంటే ఆ పిల్ల మళ్లీ పుట్టాలి, అదీ ఉన్నవాళ్లింట పుట్టాలి, డాలర్లతో పెరగాలి, ఇంగ్లీషులో ఏడవాలి. అప్పుడు జీపులు కదులుతాయి. దీన్ని మిస్టరీ అని అమ్ముతున్నారు. ఇందులో మిస్టరీ ఏముంది? మొదటిసారి ఎందుకు కదలలేదో అందరికీ తెలుసు, రాసినవాడికీ తెలుసు. ఆ ప్రశ్న అడిగే దమ్ము లేక బ్రహ్మదేవుడి మీదకు తోసేశాడు.

1930లలో ఢిల్లీలో శాంతీదేవి అనే చిన్నపిల్ల తాను గత జన్మలో మధురలో ఉండేదాన్నని చెప్పిన ఉదంతం దేశమంతా మారుమోగింది. నమ్మేవాళ్లు నమ్మారు, నమ్మనివాళ్లు నమ్మలేదు. కానీ ఆ పిల్ల అడిగిందల్లా ఒకటే, నన్ను మధురలో మావాళ్ల దగ్గరికి తీసుకువెళ్లండి అని. మన కథానాయికకు బీరువా గుర్తుంది, తాళంచెవి గుర్తుంది, హంతకుడి ఉంగరంలో రాయి రంగు గుర్తుంది. చివరి దృశ్యంలో విమానాశ్రయానికి వెళ్తూ ఆమె కారు కృష్ణలంక మీదుగానే పోతుంది. అద్దం కూడా దించలేదు.