పరుగు వేగం చూసి ఆటకి మార్కులు వేయకండి

కౌంటర్ స్ట్రైక్, క్వేక్ అనే రెండు తుపాకీ వీడియో గేముల మీద ఎప్పుడూ ఇదే గొడవ. "కౌంటర్ స్ట్రైక్ నత్తనడక, స్కిల్ అంటే క్వేక్‌దే" అని ఒకరు. "క్వేక్‌లో గెంతడం తప్ప ఏముంది" అని ఇంకొకరు. ఇద్దరూ చూసేది కాళ్లనే. చూడాల్సింది మొదటి దెబ్బ తగిలాక మనిషి ఎంతసేపు నిలుస్తాడన్నది.

సీఎస్2లో (కౌంటర్ స్ట్రైక్ 2) ఏకే రైఫిల్ పట్టుకుంటే పరుగు సెకనుకి 215 యూనిట్లు (గేమ్ లోపలి దూరం కొలత). క్వేక్ 3లో మామూలు పరుగే 320, స్ట్రేఫ్ జంప్ (పక్కకి తిరుగుతూ వరసగా గెంతి వేగం పెంచుకునే కిటుకు) వచ్చినవాడు దాన్ని ఎప్పుడో దాటేస్తాడు. కానీ ఏకే హెడ్‌షాట్ ఒక్కటి పడితే హెల్మెట్ ఉన్నా పోయినట్టే. కాబట్టి ఫైట్ చాలావరకు కాల్చకముందే తేలిపోతుంది: మూల తిరిగేటప్పుడు క్రాస్‌హెయిర్ (తెర మధ్యలోని గురి గుర్తు) తల ఎత్తులో ఉందా, కాళ్లు ఆగాయా? వేగం దాదాపు మూడో వంతుకి పడిపోతే గానీ గురి కుదరదు. ఎడమకి వెళ్తుంటే 'ఏ' కీ (ఎడమ) వదిలి, 'డి' కీ (కుడి) ఒక్కసారి తట్టి, ఆ క్షణంలోనే కాల్చాలి. 'ఏ' వదిలి ఊరుకుంటే ఇంకా జారుతూనే ఉంటారు, బుల్లెట్ పక్కకి పోతుంది. 'డి' ఎక్కువసేపు నొక్కితే అటువైపు పరుగు మొదలై మళ్లీ అదే గొడవ. చాలామంది చచ్చేది ఇక్కడే, తిట్టేది మాత్రం సర్వర్‌ని.

పైగా చస్తే రౌండ్ అయ్యేదాకా చూస్తూ కూర్చోవాలి, గేమ్ డబ్బుతో కొన్న గన్ కూడా పోతుంది. అందుకే అంత ఆచితూచి నడుస్తారు. కాల్ ఆఫ్ డ్యూటీ మామూలు మ్యాచుల్లో క్షణాల్లో మళ్లీ స్పాన్ అవుతారు (బతికి ఆటలోకి వస్తారు), అక్కడ తొందరపాటుకి పెద్ద శిక్ష లేదు.

క్వేక్ 3 లెక్కే వేరు. స్పాన్ అయినప్పుడు హెల్త్ 125, అది సెకనుకి ఒకటి చొప్పున 100కి దిగుతుంది. రైల్‌గన్ అనే తుపాకీ దెబ్బ 100, మళ్లీ పేలడానికి సెకనున్నర. 100 హెల్త్‌తో ఆర్మర్ (దెబ్బలో కొంత ఆపే కవచం) లేనివాడు ఒక్క దెబ్బకి పోతాడు. 200 హెల్త్, 200 ఆర్మర్ ఉన్నవాడికి నాలుగు కావాలి. ఆ తేడా గురి వల్ల వచ్చేది కాదు, టైమింగ్ వల్ల వచ్చేది. మ్యాప్‌లో దొరికే రెడ్ ఆర్మర్, మెగా హెల్త్ ఎవరైనా తీసుకుంటే, మొదటిది 25 సెకన్లకి, రెండోది 35 సెకన్లకి అక్కడే తిరిగొస్తాయి. 3:10కి రెడ్ తీసుకుంటే 3:35కి రెండు మూడు సెకన్ల ముందే ఆ దారి కాయాలి. ఎదుటివాడితో కొట్లాడుతూనే ఈ రెండు లెక్కలూ బుర్రలో తిరుగుతుండాలి. దీన్ని గెంతడం అనేవాళ్లు ఒక్క డ్యుయల్ (ఒకరితో ఒకరు మ్యాచ్) ఆడి చూడండి.

క్వేక్ నుంచి సీఎస్‌కి వచ్చేవాళ్లు ముందు మానాల్సింది ఫైట్ మధ్యలో జంప్. గాల్లో ఉన్నప్పుడు ఏకే బుల్లెట్ ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు.