స్టాండుకో స్టాండు కావలెను

సైకిల్ తొక్కడం మానేసిన పెద్దమనిషికి కొన్నాళ్లకు పాత సైకిల్ స్టాండ్లు సేకరించాలనే భక్తి పుడుతుంది. ఇది వయసుతో వచ్చే జబ్బు కాదు, సాంస్కృతిక పరిణామం. కాబట్టి నవ్వకుండా చర్చించుకోవాలి.

ముందు మాట చిక్కు తీర్చుకుందాం. మనకు స్టాండంటే మూడు. వెనక చక్రం ఇరుసుకు తగిలించి, కాలితో తొక్కితే బండిని ఎత్తి నిలబెట్టేది ఒకటి. సినిమాహాలు పక్కన టోకెనిచ్చి సైకిళ్లు పెట్టించుకునే రేకుల షెడ్డు రెండోది. కొట్లో కొత్త బండి ముందు చక్రాన్ని ఇరికించి అందరికీ కనబడేలా నిలిపే ఇనప చట్రం మూడోది. ఈ మూడింట్లో షెడ్డును ఇంటికి తెచ్చుకోలేం. ఆ జాగాలో ఇప్పుడు కార్లున్నాయి. దాని గుర్తుగా దొరికేవి టోకెన్లే. అవి జతగా ఉండాలి: ఒకటి హ్యాండిలుకు కట్టింది, ఒకటి చేతికిచ్చింది. ఒంటి టోకెన్ దొరికిందంటే ఎవరి బండో ఇంకా అక్కడే ఉందన్నమాట.

మిగతా ఊళ్లలో తుప్పును చూసి వయసు చెబుతారట. విశాఖలో ఆ శాస్త్రం చెల్లదు. లూధియానా నుంచి మొన్న దిగిన స్టాండును లాసన్స్ బే కాలనీలో డాబా మీద రెండు వానాకాలాలు పడేయండి, తాతలనాటి కళ అదే వస్తుంది. ఉప్పుగాలి ఈ పని ఉచితంగా చేస్తుంది, జీఎస్టీ కూడా లేదు. అందుకే ఇక్కడ పాత సామాన్ల కొట్లలో కాలాన్ని హుద్‌హుద్‌ తుఫానుతో కొలుస్తారు. 2014 అక్టోబరు 12కు ముందుదైతే ప్రాచీనం, తర్వాతిదైతే నవీనం. మరీ వంకర తిరిగి ఉంటే, "సరిగ్గా ఆ రోజుదేనండి బాబూ" అంటారు.

పేరు అచ్చేసి ఉంటే రేటు వేరు. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. 2020లో సరిగ్గా అదే రోజున అట్లాస్ సైకిళ్ల కంపెనీ వారి సాహిబాబాద్ కర్మాగారం మూతపడింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలన్నది మన సంప్రదాయం కనుక, అంతదాకా "అట్లాస్‌దే, పట్టుకెళ్లండి" అన్న కొట్టాయన ఇప్పుడు "అట్లాస్..." అని ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, అప్పుడు ధర చెబుతాడు.

కాబట్టి తుప్పునూ కన్నీళ్లనూ నమ్మకుండా టేపు పట్టుకెళ్లాలి. 28 అంగుళాల చక్రానికి ఇరుసు నేలకు 14 అంగుళాల ఎత్తున ఉంటుంది. స్టాండు కాలు, ఇరుసు దూరే బెజ్జం నుంచి నేలకు ఆనే మడమ దాకా, దానికంటే ఓ అంగుళం పైన ఉంటేనే చక్రం గాల్లోకి లేస్తుంది. 14 దగ్గరే ఆగిపోయిందంటే అది 26 అంగుళాల బండిది, లేదా ఎవరో కోసి అతికారు. తర్వాత బెజ్జం. ఏళ్లపాటు ఎత్తి దించిన స్టాండుకు అది కోడిగుడ్డులా సాగి, చుట్టూ వాషరు ఒరుసుకున్న గుర్తుతో ఉంటుంది. నిండు గుండ్రంగా ఉండి అంచు వేలికి గీసుకుంటే డ్రిల్లు నిన్ననే దిగిందని అర్థం. మడమలు కూడా చూడండి. బండికి ఎడమపక్క నిలబడి, ఒక కాలితో తొక్కి, క్యారేజీ పట్టుకుని వెనక్కి లాగేవారు కనుక రెండూ సమానంగా అరగవు. సమానంగా అరిగాయంటే అది గ్రైండరు ధర్మబుద్ధి. చివర్లో అయస్కాంతం: రంగు కింద ఎం-సీల్ ముద్ద ఉన్నచోట దాని పట్టు సడలుతుంది. పట్టు సడలగానే బేరమూ సడలాలి.

తుప్పు ఉంచాలా, తీయాలా అన్నచోట సేకర్తల్లో శైవవైష్ణవ భేదం ఉంది. ఉంచాలనేవారు దాన్ని చరిత్ర అంటారు. పనమ్మాయి రోజూ చీపురుతో ఎత్తి పారబోసేది ఆ చరిత్రనే. తీయాలనేవారు లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి, ప్లాస్టిక్ తొట్టిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఇత్తడి బ్రష్షుతో రుద్దుతారు. రెండు రోజులు మరిచిపోతే తుప్పుతో పాటు ఇనుమూ కరగడం మొదలుపెట్టి నల్లబడుతుంది. జింకు పూత ఉన్నదాన్ని అసలు ముంచకూడదు. ఆ పులుపు మొదట తినేది జింకునే. బయటికి తీశాక వంటసోడా నీళ్లలో కడిగి, వెంటనే హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి నూనె పట్టించాలి. మన గాలికి తడి ఇనుము కాఫీ తాగొచ్చేలోగా మళ్లీ ఎర్రబడుతుంది. చాకలి సోడా నీళ్లలోకి బ్యాటరీ ఛార్జరుతో కరెంటు పంపి తుప్పు వదలగొట్టే పద్ధతి ఎంచుకునేవారు ప్లస్ వైపు వంటింటి స్టీలు గరిటె వేలాడదీయకండి. నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. దానికి మామూలు ఇనపముక్క చాలు.

రంగు వేయాలంటే ముందు ఉప్పు పోవాలి. తుప్పు గుంతల్లో దాగిన ఉప్పును వేడి మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడగకుండా రెడాక్సైడు పూస్తే, వచ్చే శ్రావణానికి రంగు కింద బొబ్బలు లేస్తాయి. మామూలుగా ఈ దశలోనే సేకర్త తుప్పు ఉంచాలనే వర్గంలో చేరిపోతాడు.

ఇక అసలు సమస్య. సైకిల్ లేని వెనక స్టాండు నిలబడదు. ఊరందరి బండ్లను మోసిన ఆ వస్తువు హాల్లో టీవీ పక్కన బోర్లా పడుకుంటుంది. అందుకని దానికో స్టాండు చేయించాలి. టేకు దిమ్మకు 10 ఎం.ఎం. బెజ్జం వేసి, మూడెనిమిదుల అంగుళం పాత ఇరుసును దూర్చి, రెండువైపులా నట్లు బిగిస్తే కుదురుతుంది. సైకిల్ ఒక్కటే లేదు గానీ సైకిల్‌కుండే భాగాలన్నీ ఒక్కొక్కటిగా వచ్చి చేరుతున్నాయని వడ్రంగికి అనుమానం రావచ్చు. పట్టించుకోకండి.

కొట్టు చట్రాలకు ఈ బాధ లేదు, వాటికి వేరే బాధ. పాత సందు ఒకటిన్నర అంగుళం టైరుకు చేసింది. పిల్లాడి లావు టైర్ల బండి అందులో దూరదు. దూరే బండిని పెట్టినా ముందు చక్రమే పట్టుకుంటుంది కనుక పక్కనుంచి తగిలితే రిమ్ము సొట్టపోతుంది. కొట్లో సరుకును తాకనివ్వరు కాబట్టి అక్కడ నడిచింది. సైకిల్‌ను వేలాడదీసే గోడ కొక్కేలదీ అదే తీరు. పాత ఇనప బండి 20 కిలోల దాకా తూగుతుంది. అపార్ట్‌మెంటులో నాలుగంగుళాల అడ్డగోడకు తగిలిస్తే, పక్క గదిలో పెచ్చులు రాలాకే బరువు తెలుస్తుంది.

ఈ శ్రమంతా పడుతుండగా సెల్లారులో కార్ల మధ్య ఒకే ఒక్క సైకిల్ ఉంటుంది. వాచ్‌మన్‌ది. గోడకు ఆనించొద్దని, సున్నానికి మరక పడుతోందని అసోసియేషన్ వారు చెప్పాక, ఆయన దాన్ని ఎప్పుడూ స్టాండు మీదే పెడుతున్నాడు. సేకర్త ఒకరోజు వంగి టేపు పెడతాడు: బెజ్జం నుంచి పదిహేను చిల్లర. బెజ్జం కోడిగుడ్డే. ఎడమ మడమ ఎక్కువ అరిగింది. అయస్కాంతం ఠక్కున అంటుకుంది. కొత్త సైడు స్టాండు వేయించి ఇస్తాను, ఇది నాకిచ్చెయ్ అంటాడు.

"మరి నీళ్ల క్యాను కట్టినప్పుడు ఒంటికాలి మీద ఎలా నిలుస్తాదండీ బాబూ?"

సేకర్త ఆ ప్రశ్నకు జవాబివ్వలేదు. పుస్తకంలో ఆ వస్తువు ఎదురుగా "అసలైనది" అని రాసుకుని, లోపాలు అన్న గడిలో "ఇంకా సైకిల్ తగిలి ఉంది" అని రాశాడు.