సవరణ: ఈఎల్84 ప్లేటు కరెంటు లెక్క

సింగిల్ ఎండెడ్ (ఒక్క పవర్ ట్యూబుతో నడిచే) ఈఎల్84 వాక్యూమ్ ట్యూబు ఆంప్ గురించి ముందు రాసినదాంట్లో, కాథోడ్ రెసిస్టరు మీది వోల్టేజిని 135 ఓములతో భాగిస్తే ప్లేటు కరెంటు వస్తుందని ఉంది. వచ్చేది కాథోడ్ కరెంటు. అందులో ప్లేటుదే కాక స్క్రీన్ (ట్యూబులోని రెండో గ్రిడ్) వాటా కూడా ఉంటుంది. 7.3 వోల్టులుంటే 54 మిల్లీఆంపులు. స్క్రీన్‌ది సుమారు 5.5 తీసేస్తే ప్లేటుకు 48 చిల్లర. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 250 వోల్టులుంటే ప్లేటు తట్టుకునే 12 వాట్ల పరిమితిని అప్పటికే తాకేసినట్టు.

బెజవాడలో కరెంటు లైను 245 వోల్టులున్న వేళ, 220 వోల్టుల ప్రైమరీ ట్రాన్స్‌ఫార్మర్ ట్యూబును వేడిచేసే హీటరుకు 6.3 బదులు 7 వోల్టులు ఇస్తుంది. ట్యూబు ఆయుష్షు హరీ! ట్రాన్స్‌ఫార్మర్ 240 ట్యాపుకే లైను కలపండి.

ట్యూబు అదురు తగ్గించే డ్యాంపర్ రింగు ముందు దశలోని 12ఏఎక్స్7 ట్యూబుకి వేస్తే చాలు, అదీ సిలికాన్‌ది. ఈఎల్84 గాజు వేడికి మామూలు రబ్బరు బిరుసెక్కి పగులుతుంది.